ఆన్‌లైన్ చెల్లింపులు: ఖరగ్‌పూర్ చిరు వ్యాపారం

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ బెంగాల్–నాగ్‌పూర్ రైల్వేతో పెరిగిన పట్టణం. రైల్వే కొలువులకు వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. ఇక్కడి గోల్ బజార్ దుకాణదారుకైనా, వాట్సాప్‌లో ఆవకాయ ఆర్డర్లు తీసుకునే ఇంటి వ్యాపారికైనా ఆన్‌లైన్‌లో డబ్బు పుచ్చుకునే ప్రధాన మార్గాలు రెండు.

యూపీఐ: భారత జాతీయ చెల్లింపుల సంస్థ 2016లో తెచ్చింది. క్యూఆర్ కోడ్ పంపితే చాలు, సొమ్ము క్షణాల్లో ఖాతాలో పడుతుంది. బ్యాంకు ఖాతా నుంచి జరిగే చెల్లింపులపై 2020 జనవరి 1 నుంచి వ్యాపారికి లావాదేవీ రుసుము (ఎండీఆర్) లేదు.

పేమెంట్ గేట్‌వే: సొంత వెబ్‌సైట్ ఉన్నవారికి అనువు. కార్డులు, నెట్ బ్యాంకింగ్, వాలెట్లు ఒకేచోట స్వీకరించవచ్చు. పాన్, బ్యాంకు వివరాలతో కేవైసీ (గుర్తింపు ధ్రువీకరణ) తప్పనిసరి. గేట్‌వే సంస్థ తన రుసుము మినహాయించుకుని మిగతాది జమచేస్తుంది. ఇలా వ్యాపారుల తరఫున సొమ్ము వసూలుచేసే అగ్రిగేటర్లకు రిజర్వ్ బ్యాంకు 2020 మార్చిలో మార్గదర్శకాలు జారీచేసింది.

జాగ్రత్తలు: డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు, అడిగారంటే మోసమే. కొనుగోలుదారు పంపిన స్క్రీన్‌షాట్ నకిలీది కావచ్చు కాబట్టి, ఖాతాలో జమ చూసుకున్నాకే సరుకు పంపాలి.