ఆరుబయట పడక

ఆరుబయట పడక అనగా వేసవి రాత్రులలో ఇంటి లోపల కాక పెరటిలోనో, వాకిటిలోనో, డాబా మీదనో పడుకొనే అలవాటు. ఇంటింటికీ విద్యుత్ పంకాలు రాక మునుపు తెలుగునాట కుటుంబమంతా పాటించిన పద్ధతి ఇది. ప్రస్తుతం పట్టణాలలో ఎక్కువగా తల్లి గాని తండ్రి గాని సెలవులలో చిన్న పిల్లలను వెంటబెట్టుకొని ఒకటి రెండు రాత్రులు గడిపే సరదాగా మిగిలింది. పాశ్చాత్య దేశాలలో ఇదే పనిని పెరటిలో గుడారం వేసుకొని చేస్తారు. పిల్లలకు చీకటిని, ఆకాశాన్ని పరిచయం చేసే ఈ రాత్రికి కొన్ని ప్రమాదాలు కూడా ఉన్నాయి. వాటిలో తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసినది కట్లపాము కాటు. పూర్వపు పడకలో ఉన్న మంచం, దోమతెర ఈ ప్రమాదం నుండి చాలావరకు రక్షణ ఇచ్చేవి.

నేపథ్యం

తెలుగు ప్రాంతాలలో ఏప్రిల్, మే నెలలలో ఎండలు తీవ్రంగా ఉంటాయి. మే 25 ప్రాంతంలో మొదలయ్యే రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. పగలంతా ఎండలో కాగిన గోడలు, పైకప్పు సూర్యాస్తమయం తరువాత కూడా చాలాసేపు వేడిని లోపలికి వదులుతూనే ఉంటాయి. ఆరుబయట నేల మాత్రం మబ్బులేని ఆకాశంలోకి వేడిని కోల్పోయి ఇంటి లోపలికంటే త్వరగా చల్లబడుతుంది. అందువలన రాత్రి భోజనాలు కాగానే పడకలు బయటికి చేరేవి.

ఇంటి కట్టడాన్ని బట్టి పడుకొనే చోటు మారేది. రాయలసీమలోను, తెలంగాణలో కొన్ని చోట్లను మిద్దె ఇళ్లు ఎక్కువ కావడం వలన మిద్దె మీద పడుకొనేవారు. కోస్తా జిల్లాలలో పెంకుటిళ్లు, తాటాకు ఇళ్లు ఉన్నవారు వాకిలి, పెరడు, వీధి అరుగులను వాడుకొనేవారు. సిమెంటు డాబాలు వచ్చిన తరువాత సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లడం అలవాటైంది. ఆ నీరు ఆవిరవుతూ కప్పులోని వేడిని కొంత తీసుకొనిపోతుంది. అయితే కప్పు పూర్తిగా చల్లబడటానికి అర్ధరాత్రి కావచ్చు. కాబట్టి నీళ్లు చల్లిన వెంటనే నేరుగా గచ్చు మీద పరుపు వేస్తే కింది నుండి వేడి తగులుతూనే ఉంటుంది.

పడక సామగ్రి

నులక మంచం, నవారు మంచం ఈ అలవాటుకు తగిన సాధనాలు. అల్లికలోని సందుల గుండా గాలి ఆడుతుంది కనుక వీపు చెమట పట్టదు. తేలికగా ఉండటం వలన పగలు గోడకు నిలబెట్టి, రాత్రి వాల్చుకోవచ్చు. మంచం నాలుగు కోళ్లకు కర్రలు కట్టి దోమతెర వేసేవారు. పక్కన తాగునీటికి మరచెంబో కూజాయో, చేతిలో తాటాకు విసనకర్ర ఉండేవి. తెల్లవారుజామున చలి పుడుతుంది కనుక కాళ్ల దగ్గర దుప్పటి ఉంచుకొనేవారు. మంచాలు చాలనపుడు పిల్లలను వరుసగా చాపల మీద, బొంతల మీద పడుకోబెట్టేవారు.

పిల్లలు, కథలు

పగటి పనులు ముగిసి, దీపం తీసివేసిన తరువాత పెద్దలకు, పిల్లలకు మధ్య తీరికగా మాటలు సాగే సమయం ఇది. పేదరాశి పెద్దమ్మ కథలు, పొడుపు కథలు, పురాణ కథలు ఎక్కువగా ఈ వేళనే చెప్పేవారు. ఆరుబయట రాత్రి మజిలీకి, కథకు గల సంబంధం తెలుగు సాహిత్యంలోనూ కనిపిస్తుంది. మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు తన వెంట వచ్చిన గోపబాలకునికి ప్రతి మజిలీలోను ఒక కథ చెబుతాడు.

చిన్న పిల్లలకు చీకటి అంటే భయం సహజం. గుడ్లగూబ అరుపు, ఆకుల గలగల, దూరాన కుక్కల మొరుగు ఇంటి లోపల అంతగా వినపడవు. ఆరుబయట అవన్నీ దగ్గరగా వినిపిస్తాయి. అది ఏ శబ్దమో పక్కన ఉన్న పెద్దవారు చెప్పినపుడు తెలియని శబ్దం తెలిసినదవుతుంది. అందువలన చీకటికి అలవాటు పడటంలో పెద్దల సామీప్యమే ముఖ్యం. బిడ్డ భయపడి నడిరాత్రి లోపలికి వెళ్దామంటే బలవంతంగా ఆపకుండా తీసుకొనివెళ్లడం మంచిది. ఆ విధంగా వెళ్లగలనన్న ధైర్యమే మరునాడు మళ్లీ బయటికి రావడానికి తోడ్పడుతుంది.

ఆకాశ దర్శనం

మే నెల మధ్యలో రాత్రి సుమారు 9 గంటలకు తెలుగు ప్రాంతాల నుండి పిల్లలకు సులువుగా చూపగలిగిన నక్షత్రాలు ఇవి:

* సప్తర్షి మండలం: ఉత్తరాన ఎత్తుగా ఉంటుంది. తోకలో మధ్యనున్న వశిష్ఠుని పక్కన మసకగా కనిపించేది అరుంధతి. వివాహంలో వధూవరులకు చూపే నక్షత్రం ఇదే.
* ధ్రువ నక్షత్రం: ఉత్తర దిక్కున దిగువగా ఉంటుంది. ఒక ప్రదేశంలో ధ్రువ నక్షత్రం ఎత్తు దాదాపు ఆ ప్రదేశపు అక్షాంశానికి సమానం. హైదరాబాదులో ఇది సుమారు 17 డిగ్రీలు.
* స్వాతి, చిత్త: సప్తర్షి మండలం తోక వంపును అలాగే పొడిగిస్తే మొదట నారింజ రంగు స్వాతి, తరువాత తెల్లని చిత్త కనిపిస్తాయి.
* జ్యేష్ఠ: ఆగ్నేయ దిక్కున పైకి వస్తున్న వృశ్చిక రాశిలోని ఎర్రని నక్షత్రం.
* దక్షిణ శిలువ: దక్షిణాన దిగంతానికి కొద్దిగా పైన నాలుగు నక్షత్రాలుగా కనిపిస్తుంది. దీనిని త్రిశంకుడిగా చెప్పే వాడుక కలదు. చెట్లు, మేడలు అడ్డు లేనిచోట మాత్రమే చూడగలము.

ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున పడమటికి తిరుగుతున్నట్లు కనిపిస్తుంది. రాత్రి 9 గంటలకు ఎత్తున ఉన్న సప్తర్షి మండలం తెల్లవారుజాము 3 గంటలకు వాయవ్యంలో దిగువకు చేరుతుంది. నిద్రలో మెలకువ వచ్చిన పిల్లవాడు ఈ మార్పును గమనిస్తే భూభ్రమణం పాఠం పుస్తకం లేకుండానే అర్థమవుతుంది. ఆ వేళ అభిజిత్తు, శ్రవణం పైకి వచ్చి ఉంటాయి. దీపాల వెలుగు లేని పల్లెలలో వాటి మీదుగా పాలపుంత కనిపిస్తుంది.

ప్రమాదాలు, జాగ్రత్తలు

కట్లపాము

కట్లపాము రాత్రిపూట సంచరించే విషసర్పం. నేల మీద నిద్రిస్తున్నవారినే ఇది ఎక్కువగా కాటు వేస్తుంది. కాటు వేసిన చోట నొప్పి, వాపు చాలాసార్లు ఉండవు. గాటు కూడా కనిపించకపోవచ్చు. అందువలన నిద్రలో కాటు పడిన బిడ్డ లేవకపోవచ్చు, లేచినా చీమ కుట్టిందనుకోవచ్చు. కొన్ని గంటల తరువాత కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, ఊపిరి అందకపోవడం మొదలవుతాయి. ఆరుబయట పడుకొన్న పిల్లలు తెల్లవారి ఇటువంటి లక్షణాలతో లేస్తే అజీర్ణమనుకొని ఆలస్యం చేయరాదు.

పాముకాటు అనుమానం కలిగినా బిడ్డను కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం చేయరాదు. మంత్రాలతోను, పసర్లతోను కాలం వృథా చేయరాదు. భారతదేశంలో వాడే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి విషాలు నాలుగింటికీ పనిచేస్తుంది. ఊపిరి ఆడనపుడు కృత్రిమ శ్వాస ప్రాణం నిలుపుతుంది. తెలుగు రాష్ట్రాలలో 108 నంబరుకు ఫోను చేసి అంబులెన్సును పిలవవచ్చు.

నివారణ సులభం. పిల్లలను నేల మీద కాక మంచం మీద పడుకోబెట్టి, దోమతెర అంచులను పరుపు కిందికి దోపాలి. ఆగ్నేయ నేపాల్‌లో జరిగి 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో దోమతెర పాముకాటు నుండి కూడా రక్షణ ఇస్తుందని తేలింది. తెర, దుప్పటి నేలకు జారకుండా చూడాలి.

ఇతర జాగ్రత్తలు

* మలేరియాను వ్యాపింపజేసే అనాఫిలిస్ దోమలు, బోదకాలును వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమలు రాత్రివేళ కుడతాయి. ఈ కారణంగా కూడా దోమతెర అవసరం.
* ఎర్రతేలు కుట్టిన పిల్లలకు చెమటలు పట్టినా, వాంతులైనా, కాళ్లు చేతులు చల్లబడినా వెంటనే వైద్యం చేయించాలి. దిగే ముందు చెప్పులు దులిపి తొడుక్కోవడం, టార్చిలైటు దగ్గర ఉంచుకోవడం మంచిది.
* పిట్టగోడ లేని డాబా మీద పిల్లలను పడుకోబెట్టరాదు. నిద్రమత్తులో లేచి నడిచే పిల్లలు దిక్కు మరచిపోతారు. పిట్టగోడ ఉన్నా పెద్దవారి పడక మెట్ల వైపు ఉండాలి.
* వేసవిలో ఈదురుగాలులు, పిడుగులు హఠాత్తుగా వస్తాయి. ఉరుము వినబడగానే లోపలికి వెళ్లాలి.

విదేశాలలో

ఇంగ్లండులో థామస్ హైరం హోల్డింగ్ 1901లో సైకిలు యాత్రికుల గుడార సంఘాన్ని స్థాపించాడు. 1907లో బేడెన్ పవెల్ బ్రౌన్‌సీ ద్వీపంలో బాలురకు ఏర్పాటు చేసిన శిబిరం స్కౌటు ఉద్యమానికి నాంది అయింది. గుడారంలో రాత్రి గడపడం పిల్లల వినోదంగా మారడానికి ఇటువంటివి దోహదం చేశాయి. దూరప్రయాణానికి వయసు చాలని పిల్లలకు ఇంటి పెరడే మొదటి శిబిర స్థలం. 2020లో కోవిడ్ వలన ప్రయాణాలు ఆగిపోయినపుడు అనేక దేశాలలో కుటుంబాలు సొంత పెరళ్లలోనే గుడారాలు వేసుకొన్నాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో కొందరు పిల్లలతో ఇలా గడుపుతారు. గుడారం లోపల బొగ్గుల కుంపటి, గ్యాసు పొయ్యి వెలిగించరాదు. వాటి నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడు వాసన లేనిది, ప్రాణాంతకమైనది.

ప్రస్తుత స్థితి

పంకాలు, కూలర్లు, అపార్టుమెంట్లు, దోమలు, దొంగల భయం కారణంగా ఈ అలవాటు పట్టణాలలో బాగా తగ్గింది. వీధి దీపాల కాంతి వలన నగర ఆకాశంలో ప్రకాశవంతమైన కొన్ని చుక్కలు మాత్రమే కనిపిస్తాయి. కరెంటు పోయిన వేసవి రాత్రులలోను, సెలవులకు పల్లెలకు వెళ్లినపుడును పిల్లలు నేటికీ ఆరుబయట పడుకొంటున్నారు. అయితే నులక మంచాలు అరుదైపోవడంతో పడక నేల మీదికి దిగింది. ఇది కట్లపాము తిరిగే చోటు. కనుక పాత అలవాటును తిరిగి తెచ్చుకొనేవారు దానితోపాటు మంచాన్ని, దోమతెరను కూడా తెచ్చుకోవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* నులక మంచం
* కట్లపాము
* సప్తర్షి మండలం
* కాశీమజిలీ కథలు