కందెన నుంచి రబ్బరు బుష్ దాకా: కడప సీమ వాహనాల మరమ్మతు చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ఎద్దుల బండి ఇరుసు, జీపు కమాను, అంబాసిడర్ సస్పెన్షన్ బుష్ – ఈ మూడింటి సంరక్షణ పద్ధతులను ఈ వ్యాసం పోల్చి చూస్తుంది. రబ్బరు బుష్ రాకతో నిత్య సంరక్షణ స్థానంలో భాగాల మార్పిడి వచ్చిందనీ, వాహనం ఆయుష్షు విడిభాగాల లభ్యతతో ముడిపడిందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కందెన, ఇరుసు, కమాను, బుష్, అంబాసిడర్, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం

మోటారు వాహనాల చరిత్ర సాధారణంగా కర్మాగారం దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. కాని వాహనాన్ని దశాబ్దాల పాటు నిలబెట్టేది మరమ్మతు. కడప జిల్లాకు ఈ దృష్టి మరింత అవసరం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా వెళ్లే ఎర్రగుంట్ల–నంద్యాల రైలు మార్గం పూర్తయింది 2016లో. అప్పటికి రెండేళ్ల ముందే అంబాసిడర్ ఉత్పత్తి ఆగిపోయింది. అంటే ఆ కారు చలామణిలో ఉన్న కాలమంతా ఈ పట్టణాలకూ, పెండ్లిమర్రి, పులివెందుల ప్రాంతాలకూ రోడ్డే ప్రధానాధారం.

2. ఇరుసు, కందెన

కదిలే రెండు గట్టి భాగాల నడుమ ఉండి, తాను అరిగి వాటిని కాపాడే గొట్టమే బుష్. ఈ సూత్రం మోటారుతో వచ్చింది కాదు. ఎద్దుల బండిలో చక్రం కుండకూ ఇరుసుకూ మధ్య రాపిడిని తగ్గించడానికి కందెన వేసేవారు. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి దాన్ని తయారుచేసుకునేవారు. ముడిసరుకు ఊళ్లోనే దొరికేది; పని బండివాడి చేతిలోనే ఉండేది.

3. జీపు కమాను

మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల కూర్పు ప్రారంభించింది. తొలితరం విల్లీస్ జీపుల్లో కమాను కట్టలను చట్రానికి కలిపే షాకిళ్లకు మరలు చెక్కిన లోహపు బుష్‌లుండేవి. వీటిలో కొన్నింటికి ఎడమ మర ఉంటుంది. వీటికి గ్రీజు క్రమం తప్పక పట్టించాలి. లేకుంటే దుమ్ము చేరి మరలు అరిగిపోతాయి. ఇక్కడ ఆముదం పోయి గ్రీజు వచ్చినా, కందెన వేసే అలవాటు మాత్రం కొనసాగింది.

4. అంబాసిడర్: అలవాటే అపకారం

బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారాలో 1950ల చివరి నుంచి అంబాసిడర్‌ను తయారుచేసింది. దీనికి ముందు టార్షన్ బార్లు, వెనుక కమాను కట్టలు. వీటి కీళ్లలో రబ్బరు బుష్‌లుంటాయి. లోహపు బుష్ జారుతూ పనిచేస్తే, రబ్బరు బుష్ తనలో తాను మెలిపడుతూ పనిచేస్తుంది. కనుక దీనికి కందెన అక్కరలేదు. పైగా ఖనిజ నూనెతో చేసిన గ్రీజు సహజ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. తరతరాలుగా సంరక్షణ అనుకున్న పనే ఇక్కడ అపకారమైంది. ఆముదానికి ఆ దోషం తక్కువ. తొలినాటి హైడ్రాలిక్ బ్రేకు ద్రవాల్లో ఆముదం వాడడానికి అదీ ఒక కారణం. బండివాడి కందెనలో ఉన్న నూనెకు రబ్బరుతో పేచీ లేదు. దాని స్థానంలో వచ్చిన గ్రీజుకు ఉంది.

5. మార్పిడిలోని నేర్పు

ఎండకూ కాలానికీ రబ్బరు పెళుసెక్కి పగులుతుంది. అప్పుడు గతుకుల మీద టకటక శబ్దం వస్తుంది, బండి ఒక పక్కకు లాగుతుంది, టైర్లు అసమంగా అరుగుతాయి. మార్చేటప్పుడు ముందుగా టార్షన్ బార్ మీది బిగువును జాగ్రత్తగా తగ్గించి, దాని అమరికను గుర్తుపెట్టుకోవాలి. కొత్త బుష్ జారడానికి గ్రీజు కాక సబ్బునీళ్లు వాడాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది చివరి బిగింపు. కారును జాకీ మీద ఉంచి కాక, చక్రాల మీద దించి, బరువు పడిన స్థితిలోనే బోల్టులు పూర్తిగా బిగించాలి. లేకుంటే కారు నేల మీదికి దిగగానే రబ్బరు శాశ్వతంగా మెలిపడి త్వరగా చిరుగుతుంది. చూపుకు అందని ఈ తేడా పనివాడి చేతికి తెలుస్తుంది.

6. ముగింపు

కందెనను యజమాని స్వయంగా చేసుకోగలిగాడు. రబ్బరు బుష్‌ను కొనక తప్పదు. 2014 తరువాత అంబాసిడర్ ఆయుష్షు మిగిలిన విడిభాగాలకూ, వాటిని అమర్చే నేర్పుకూ పరిమితమైంది. ఆ నేర్పుతోపాటు ఒక భాష కూడా ఉంది. ఇరుసు దేశ్యం, విల్లు అనే అర్థం గల కమాను పారసీకం, బుష్ ఆంగ్లం. సాంకేతిక చరిత్రలోని మూడు దశలు మెకానిక్ షెడ్డులో ఒకే వాక్యంలో వినిపిస్తాయి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను భద్రపరిచింది. మోటారు పనివారి పలుకుబడికీ అంతటి శ్రద్ధ దక్కాలి. అంబాసిడర్ బుష్‌లు మార్చిన తరం షెడ్లలో ఉండగానే ఆ సేకరణ జరగడం తెలుగు పరిశోధనకు తక్షణావసరం.