రాత్రి దగ్గు: ఆ ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆగండి

మేముండేది షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో. మా అబ్బాయిని కిండర్‌గార్టెన్‌లో చేర్చినప్పుడు ఇల్లినాయ్ ఆరోగ్య పరీక్ష ఫారం నింపాను. ఆస్తమా ఉందా, రాత్రి దగ్గుతో నిద్ర లేస్తారా అని అందులో అడుగుతారు. రెండింటికీ ‘లేదు’ అని రాశాను. జలుబు తగ్గినా వాడు వారాల తరబడి తెల్లవారుజామున దగ్గేవాడు. మా నాన్నగారికి ఉబ్బసం. ఆ మాట పిల్లాడి కాగితం మీద రాయడానికి మనసొప్పలేదు.

మరుసటి ఏడాది చెకప్‌లో డాక్టర్ అడిగితే అన్నీ చెప్పాను. అప్పుడే ఆస్తమా అని తేలింది.

బాగున్న రోజున ఛాతీలో ఏ చప్పుడూ వినిపించకపోవచ్చు. ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్ష సాధారణంగా ఐదారేళ్ళు వచ్చాకే కుదురుతుంది. అందాకా డాక్టరుకు మనం చెప్పేదే ముఖ్య ఆధారం. చెకప్‌కి వెళ్ళేముందు ఇవి రాసుకోండి:

- రాత్రి దగ్గు వారానికి ఎన్నిసార్లు?
- పరిగెత్తినా, గట్టిగా నవ్వినా దగ్గు, పిల్లికూతలు వస్తున్నాయా?
- పిల్లలకు ఎగ్జిమా, అలర్జీలు, ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉన్నాయా?

ఆస్తమా అని తేలితే డాక్టర్ రాసిచ్చే యాక్షన్ ప్లాన్ కాపీ స్కూల్ నర్సుకు ఇవ్వండి. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, మందు లేబుల్ ఇస్తే ఇల్లినాయ్‌లో పిల్లలు ఇన్‌హేలర్ తమ దగ్గరే ఉంచుకోవచ్చు. మాట కూడా రానంతగా ఆయాసపడితే వెంటనే 911కి ఫోన్ చేయండి.

ఆరో తరగతి ఫారంలో ‘అవును’ అనే రాశాను. వాడు సాకర్ మానలేదు.