లంగరు వేసుకున్న మాట

పొద్దున్నే ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నారు మీరు. ఊరు దాటగానే ఎర్రనేల, తుమ్మచెట్లు, ఇసుక మాత్రమే మిగిలిన వాగులు. పడమట నీలంగా వెలిగొండలు. సముద్రం తూర్పున ఎక్కడో ఉండిపోయింది.

పక్కసీట్లో డిగ్రీ చదివే అమ్మాయి. నోటుపుస్తకంలో ఒకచోట ఆమె వేలు ఆగిపోయింది. "కొంచెం చెప్తారా, టైడ్ ఓవర్ అంటే ఏంది? టైడ్ తెలుసు, ఓవర్ తెలుసు. రెండూ కలిపితే తెలవలా."

జవాబు కావాలంటే మీరు ఈ బస్సు దిగి ఓడెక్కాలి. కళ్లు మూసుకోండి.

నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు తెరచాప ఓడ. గాలి పడిపోయింది. చాపలు తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. రేవు కనబడుతూనే ఉంది, చేరే దారి లేదు. అంతలో కాళ్లకింద చెక్క మెల్లగా కదిలింది. పోటు వచ్చింది. గాలి లేకున్నా నీరే ఓడను రేవువైపు మోస్తోంది. సుమారు ఆరు గంటలు గడిచాయి. ఇక ఆటు మొదలు, నీరు వెనక్కి లాగుతుంది. "లంగరు వెయ్యండి!" మోకు సరసరా జారింది. వచ్చిన దూరం పోకుండా ఓడ అక్కడే నిలిచింది. మళ్లీ పోటు రాగానే లంగరు ఎత్తుతారు.

ఇదే టైడ్ ఓవర్. కెప్టెన్ జాన్ స్మిత్ 1627లో అచ్చయిన తన నావికుల పుస్తకంలో ఈ మాటకు ఇదే అర్థం చెప్పాడు. పోటుతో కదలడం ఎంతో, ఆటులో ఓర్చుకుని నిలబడటమూ అంతే.

కళ్లు తెరవండి. ఆ మాట ఎప్పుడో ఒడ్డుకొచ్చి మన ఇళ్లలో చేరింది. జీతం వచ్చేదాకా చేబదులుగా ఇచ్చిన వెయ్యి రూపాయలు ఒకరిని టైడ్ ఓవర్ చేస్తాయి. మన ఇంగ్లీషు పత్రికలు కష్టాన్ని చివర పెట్టి 'టైడ్ ఓవర్ ద క్రైసిస్' అంటాయి. ఇంగ్లండులో నేడు ఎక్కువగా మనిషిని మధ్యలో పెడతారు: 'టైడ్ హర్ ఓవర్'. రెండు మాటలూ చెరోవైపు పట్టుకుంటే మనిషి మధ్యలో భద్రంగా ఉన్నట్టుంటుంది. నాకు ఆ వాడుకే ఇష్టం.

"అయితే గట్టెక్కడమేనా?" అందా అమ్మాయి.

ముందుసీట్లో అవ్వ వెనక్కి తిరిగింది. "ఏందమ్మే అది?"

"అవ్వా, వానలు పడేదాకా ఇంట్లో ఉన్న గింజలతోనే జరుపుకుంటే ఏమంటావు?"

"నెట్టుకొచ్చినాం అంటాం. గట్టెక్కేది ఆ తర్వాత గదా!"

ఏ నిఘంటువూ ఇంత తేటగా చెప్పలేదు. గట్టెక్కడం ఒడ్డు చేరాక అనే మాట. టైడ్ ఓవర్ ఒడ్డు చేరేదాకా నిలబెట్టే మాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య వానలే ఈ మెట్టకు పెద్ద పోటు. అవి వచ్చేదాకా నెట్టుకురావడమే. ఆత్మకూరుకు దగ్గర్లో పెన్న మీద కట్టిన సోమశిల జలాశయంలో 78 టీఎంసీలు నిలవ చేయగలగడం కూడా నీటికి లంగరు వేయడమే.

బస్సు మలుపు తిరిగింది. ఎదురుగా ఉదయగిరి దుర్గం. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ఈ కొండను చుట్టుముట్టాడు. లోపల గజపతి రాజుల సేన. సుమారు ఏడాదిన్నర ముట్టడి. రోజులు గడిచేకొద్దీ లోపలివాళ్లకు మిగిలేది ఒకటే లెక్క: ఉన్న గింజలు, నీళ్లు ఎన్నాళ్లు నెట్టుకొస్తాయి? 1514లో కోట రాయల వశమైంది. తర్వాతి పోటు రాకపోతే లంగరు ఒక్కటే ఓడను రేవు చేర్చలేదు.

అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకుంది: 'నెట్టుకురావడానికి సాయపడు, అప్పటిదాకా.' ఆ 'అప్పటిదాకా'లోనే ఈ మాట ప్రాణమంతా ఉంది. మీ వీధిలో ఎవరైనా వానకో, జీతానికో, పంట డబ్బుకో ఎదురుచూస్తుంటే, అప్పటిదాకా చేయందించండి.