నదీముఖంలో కర్బనం లెక్క

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. పట్టణంలోని ఇందాకు ఉత్తరాన పారే కంసావతి నది, దిగువన హల్దీగా మారి హుగ్లీలో కలుస్తుంది. ఏ నదైనా నీటితోపాటు ఆకులు, మట్టి, మురుగు రూపంలో సేంద్రియ కర్బనాన్ని మోసుకుపోతుంది. అదంతా సముద్రానికి చేరుతుందా?

ఈ ప్రశ్నకు గోదావరి ముఖద్వారం వద్ద సమాధానం వెదికిన వారిలో వి.వి.ఎస్.ఎస్. శర్మ ముఖ్యులు. ఆయన విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రానికి చెందిన శాస్త్రవేత్త. చేరదని, దారిలోనే కొంత గాలిలో కలుస్తుందని ఆయన బృందం 2011లో ప్రచురించిన అధ్యయనం చూపింది. వర్షాకాలపు వరదలో వచ్చే సేంద్రియ పదార్థాన్ని బాక్టీరియా విచ్ఛిన్నం చేస్తుంది. అప్పుడు నీటిలో కార్బన్ డయాక్సైడ్ వాతావరణ స్థాయికి ఎన్నో రెట్లు పెరిగి గాలిలోకి వెలువడుతుంది. ప్రవాహం సన్నగిల్లిన నెలల్లో ఆ స్థాయి బాగా పడిపోతుంది.

2012లో ఈ పరిశీలన దేశంలోని 27 నదీముఖాలకు విస్తరించింది. రుతుపవనాల మీద ఆధారపడిన నదుల కర్బనం లెక్కను ఒక్క కాలపు నమూనాలతో తేల్చలేమన్నది ఈ పరిశోధనల సారాంశం. వరద రోజుల కొలతలు లేని లెక్క అసంపూర్ణమే.