అగ్రెషన్ – దురాక్రమణము

పత్రికలు చదువు తెలుఁగువారికి దురాక్రమణమను పదము చిరపరిచితము. 1962వ సంవత్సరమున హిమాలయసీమలందు యుద్ధము నడచినప్పుడు ఈపదము పల్లెపల్లెకును బ్రాఁకినది. ఆ నవంబరు 14వ తేదీన భారతపార్లమెంటు చేసిన తీర్మానమున శత్రువునకుఁ బెట్టిన పేరు అగ్రెసర్. వాఁడు చేసిన పనికిఁ బేరు అగ్రెషన్. ఆయాంగ్లశబ్దమునకే తెలుఁగువారు దురాక్రమణమును బర్యాయముగా వాడుచున్నారు. ఈరెండును నిక్కముగా నేకార్థములేనా యను ప్రశ్నము కేవలము నైఘంటికుల వినోదముగాఁ గానవచ్చును గాని, అది యట్టిది కాదు. 1946లో న్యూరెంబర్గు ధర్మాసనము రుడాల్ఫ్ హెస్‌ను దోషిగా నిర్ణయించినది రెండభియోగములందే: అగ్రెషన్ యుద్ధము నడపుట, దానికై కుట్రపన్నుట. తక్కిన ఘోరములఁ గూర్చిన యభియోగములందు దోషము నిలువలేదు. అయినను అతఁడు 1987లో మరణించువఱకును చెఱసాలలోనే యుండెను. ఒక్కశబ్దముయొక్క యర్థముమీఁద మనుష్యుని జీవితము నిలిచినప్పుడు ఆయర్థమును దఱచిచూచుట పండితులకుఁ దగని పని కాదు.

లాటినుభాషలో ‘గ్రది’ యనఁగా అడుగువేయుట. ‘అద్’ అను నుపసర్గము ఆభిముఖ్యమును దెలుపును. ఉపసర్గమందలి దకారము పరమందున్న గకారముతో సారూప్యముఁ బొందఁగా ‘అగ్గ్రెది’ యైనది. ఈక్రియ రూపమునఁ గర్మణి, అర్థమునఁ గర్తరి. ఇట్టివి లాటినున మఱికొన్ని కలవు. దీనికి ఆభాషయం దున్న యర్థములు వింత గొలుపును. దగ్గఱకుఁ బోవుట, పలుకరించుట, ధనముతో నొకనిఁ జేరి వశపఱచుకొనఁ జూచుట, ఒకపనికిఁ బూనుకొనుట, మీఁదఁబడుట, ఇవియన్నియు ఆయొక్కమాటయే చెప్పును. పూనుకొనుట యను నర్థమున దీనికి మన ఉపక్రమించుట సరిగా సరిపోవును. గ్రంథము నుపక్రమించు కవియు, కోటపైఁ బడు సేనానియు లాటినువానికి నొకేక్రియకుఁ గర్తలు. దోషము శబ్దములో లేదు; సందర్భములో నున్నది.

ఈధాతువు సంతతి యాంగ్లమున విస్తారము. కూడి నడచుట కాంగ్రెసు. హద్దుదాఁటి నడచుట ట్రాన్స్‌గ్రెషన్, అనఁగా మన అతిక్రమము. ముందుకు నడచుట ప్రోగ్రెస్. బడిపంతులు పిల్లవాని కిచ్చు గ్రేడు సయితము ఆమెట్టు నర్థమునుండి వచ్చినదే. 1885లో బొంబాయిని సమావేశమైన మహాసభ పేరును, పరదేశముపైఁ బడు సేన చేయు పని పేరును తోబుట్టువులగుట తలఁచుకొన్నవారికి నవ్వు రాకమానదు.

సంస్కృతమున క్రమధాతువునకుఁ బాదవిక్షేప మర్థముగాఁ బఠింపఁబడినది. లాటిను గ్రదికిని దీనికిని అర్థసామ్యము తప్ప జన్యజనకసంబంధము లేదు; రెండక్షరముల పోలికనుబట్టి యేకధాతువనువారి మాట వినఁదగినది కాదు. కాని యర్థసామ్యము మాత్రము ఆశ్చర్యకరము. విక్రమము, పరాక్రమము, ఉపక్రమము, అతిక్రమము, ఆక్రమణము: అడుగు ఒక్కటే, ఉపసర్గమునుబట్టి యొకచోట స్తుతి, ఒకచోట నింద. పాణిని యిచ్చట మఱియొక సూక్ష్మమును జూపెను. ఆఙ్‌పూర్వక క్రమధాతువునకు ఉద్గమనార్థమున ఆత్మనేపదము విధింపఁబడినది. అదియు జ్యోతిస్సుల యుద్గమనమందే యని వార్తికకారుని సంకోచము. కాఁబట్టి సూర్యుఁడు ‘ఆక్రమతే’. పరుని నేలను ద్రొక్కువాఁడు ‘ఆక్రామతి’. ధాతువొకటి, ఉపసర్గమొకటి. ఉదయించు వెలుఁగునకును, త్రొక్కు పాదమునకును భేదమును బదమే తెలుపుచున్నది. ఇంతటి సౌలభ్యము లాటినునకు లేదు, ఆంగ్లమున కసలే లేదు.

తెలుఁగునను ఈభావము కాలినుండియే పుట్టినది. కయ్యమునకుఁ గాలు దువ్వుట యనునప్పుడు ఆఁబోతు కొమ్ములు వంచకముందే నేలను గీరుట కన్నులకుఁ గట్టును. దెబ్బ యింకను బడలేదు. అయినను కయ్యమునకు మూల మెవరో చూచువారికిఁ దెలిసినది. అగ్రెషన్ శబ్దమునకుఁ బిదపఁ గలిగిన విశేషార్థమునకు ఇంతకంటె దగ్గఱి పలుకుబడి దొరకదు.

అగ్రెషన్ పదునేడవ శతాబ్ది యారంభమున ఫ్రెంచిభాష ద్వారమున నింగ్లండునకు వచ్చెను. వచ్చునప్పటికే పలుకరించుట, పూనుకొనుట మొదలగు సాధ్వర్థములు రాలిపోయి, రెచ్చఁగొట్టనివానిపైఁ బడుట యను నర్థమే మిగిలెను. దీనితోడివే రెండు మాటలు: అసాల్ట్, అటాక్. మొదటిది లాటినున దుముకుట యను ధాతువునుండి పుట్టినది. స్కందధాతువునుండి మనకు అవస్కందము, అభ్యవస్కందనము కలిగినట్లే. రెండవది యిటలీభాషనుండి వచ్చినది. దానికి మొదట తగిలించుట యర్థము. యుద్ధమును దగిలించుట యనుదానినుండి నేఁటి యర్థమేర్పడినది. కాగితమును గాగితమునకుఁ దగిలించు అటాచ్ దీని సోదరమే. అటాక్‌లో దోషస్పర్శ లేదు. పరులు గైకొన్న నేలను విడిపించుకొనువాఁడును అటాక్ చేయును. రోగమును అటాక్ చేయును. గుండెపోటు వచ్చిన యింటివారు ‘ఎటాకు వచ్చినది’ అందురే కాని అగ్రెషన్ వచ్చినదనరు. అగ్రెషన్ అనఁగానే యొకఁడు దోషియనియు, మఱియొకఁడు నిర్దోషియనియు నిర్ణయ మిమిడియుండును. అది వృత్తాంతమును జెప్పు మాట కాదు, తీర్పు చెప్పు మాట.

మన ప్రాచీనరాజనీతిలో ఈతీర్పు కనఁబడదు. కౌటల్యుఁడు షాడ్గుణ్యమున యానమును సంధివిగ్రహాదులతోఁ జేర్చి యొక యుపాయముగా మాత్రమే చెప్పెను. దండెత్తనున్న రాజు చేయవలసిన పనులకు ‘అభియాస్యత్కర్మ’ యని యొక యధికరణమే కలదు. ముందుగా నడచినవాఁడెవఁడను ప్రశ్నమునకు అందుఁ బాపపుణ్యవివేచనము లేదు. వివేచనము వేఱొకచోట నున్నది: జయించువాఁడు ధర్మవిజయియా, లోభవిజయియా, అసురవిజయియా యని. అనఁగా దోషము మొదటి యడుగులోఁ గాక, అడుగు వేసినవాఁడు కోరినదానిలో నెంచఁబడినది. అమరుఁడును అభియోగము, అభిషేణనము మొదలగు పదములను నిందలేకయే పఠించెను. వానిలో అభియోగము మాత్రము న్యాయస్థానమునఁ జేరి, మీఁదఁబడుట యను నర్థమును విడిచి, నేరమారోపించుట యను నర్థముతో నేఁటి తెలుఁగున బ్రతుకుచున్నది.

ఐరోపాలో మాత్రము 1919 తరువాత మొదటి యడుగే ప్రధానమైనది. నానాజాతిసమితి నిబంధనపత్రము పదియవ ప్రకరణము, సభ్యరాజ్యముల భూమిని బాహ్య అగ్రెషన్‌నుండి కాపాడవలయునని విధించెను. ఆశబ్దమున కర్థము మాత్రము చెప్పలేదు. 1933 జూలైలో లండనున సోవియట్ ప్రభుత్వమును, దాని పొరుగురాజ్యములును గలసి యొక లక్షణమును నిర్మించుకొనిరి. యుద్ధమును బ్రకటించుట, సేనతోఁ జొచ్చుట, భూమిపైఁగాని యోడలపైఁగాని విమానములపైఁగాని పడుట, రేవులను దిగ్బంధించుట, తమ నేలపైఁ గూడిన సాయుధమూఁకలకుఁ దోడ్పడుట: వీనిలో నేదైనను ‘మొదట’ చేసినవాఁడు అగ్రెసర్. రాజకీయ, సైనిక, ఆర్థిక కారణ మేదియు దీనికి సమాధానము కాదనియు వ్రాసికొనిరి. నిర్దుష్టమైన లక్షణమే. ఆపత్రమున ఫిన్లండుగూడఁ జేరినది. 1939 నవంబరు 30వ తేదీన ఆలక్షణకర్తల సేనలే ఫిన్లండున జొరఁబడెను. డిసెంబరు 14న సమితి సోవియట్ రాజ్యమును వెలివేసెను. లక్షణము తన కర్తయందే సమన్వయించిన దృష్టాంతము శాస్త్రములలో నరుదు.

యుద్ధానంతరము 1945లో నేర్పడిన న్యూరెంబర్గు శాసనము, అగ్రెషన్ యుద్ధమును బన్నుటను, ఆరంభించుటను, నడపుటను నేరముగాఁ జెప్పెను. లక్షణమును మరల విడిచెను. ఈలోపమును పట్టుకొన్నవాఁడు భారతీయుఁడు. టోకియో ధర్మాసనమునఁ గూర్చున్న పదునొకండుగురు న్యాయాధిపతులలో రాధావినోదపాల్ హిందూధర్మశాస్త్రచరిత్రమును బరిశోధించినవాఁడు. 1948లో నాతఁడు వ్రాసిన భిన్నాభిప్రాయము సుదీర్ఘము. అగ్రెషన్ యుద్ధమనఁగా నేమో జాతులన్నియు నంగీకరించిన లక్షణము లేదనియు, లక్షణము లేనిచోట లక్ష్యమును శిక్షింపరాదనియు దాని సారము. తర్కము చదివినవారికి దీనియందలి బలము తోఁచకపోదు. జపానుసేనల క్రౌర్యమును నతఁడు కాదనలేదు. ఆవాదమును జపాను నిర్దోషిత్వమునకు సాక్ష్యముగాఁ జూపువారు ఈభేదమును విస్మరించుచున్నారు.

ఐక్యరాజ్యసమితి శాసనపత్రము సంగతి మఱింత చిత్రము. అందు ఆత్మరక్షణమునకు హక్కిచ్చు ఏఁబదియొకటవ ప్రకరణమున ఆంగ్లపాఠము సాయుధమైన ‘అటాక్’ అనఁగా, ఫ్రెంచిపాఠము సాయుధమైన ‘అగ్రెసియోఁ’ అనుచున్నది. రెండుపాఠములును సమప్రమాణములు. ఒకదానియందు దెబ్బ, మఱియొకదానియందు దోషముతోఁ గూడిన దెబ్బ. మన మీమాంసకులకు ఈస్థలము దొరికినచో నొక యధికరణము నడపియుందురు. ఇది మాటలవేడుక మాత్రము కాదు. 1986లో నికరాగ్వా వ్యవహారమున అంతర్జాతీయ న్యాయస్థానము, బలప్రయోగ మెల్లయు సాయుధమైన అటాక్ కాదనియు, మిక్కిలి గురుతరమైనదే యట్టిదనియు విభజించి, గురుతరమైన దానిని గుర్తించుటకు 1974 నాఁటి అగ్రెషన్ లక్షణమునుండియే యొక వాక్యమును దెచ్చుకొనెను.

ఆలక్షణము సమితి సర్వసభ్యసభ 1974 డిసెంబరు 14వ తేదీన నంగీకరించిన తీర్మానము. అందు ఏడువిధములైన చేఁతలు పేర్కొనఁబడినవి. ‘మొదట’ అను పద మందును గలదు. కాని దాని యధికారము సడలినది. మొదట బలమును బ్రయోగించుట పైకిఁ దోఁచు సాక్ష్యము మాత్రమే; భద్రతాసమితి తక్కిన పరిస్థితులఁ జూచి వేఱుగా నిర్ణయింపవచ్చును. 2010లో కంపాలాయందుఁ గూడిన సభ అంతర్జాతీయ నేరన్యాయస్థానమునకై వ్రాసిన ప్రకరణమున ఆయేడును నిలిచినవి, ‘మొదట’ మాత్రము పోయినది. దానికి మాఱుగా స్వభావము, గురుత్వము, విస్తృతి యను మూఁటినిబట్టి శాసనపత్రమునకు స్పష్టమైన యుల్లంఘన మగుట నేరలక్షణమైనది. 2018 జూలై 17 నుండి ఆన్యాయస్థానమున కీనేరముపై నధికారము ప్రవర్తించుచున్నది. అడుగు, మొదటి యడుగు, చెడ్డ యడుగు: ఈమార్గమున శబ్దము నడచివచ్చినది.

ఇప్పుడు దురాక్రమణమును విచారింపవలెను. దుస్ అను నుపసర్గమునకుఁ గష్టము, చెడుగు అని రెండర్థములు. కష్టార్థమున క్రమధాతువునకు ఖల్ ప్రత్యయము రాఁగా ‘దురాక్రమము’ అగును, ఆక్రమింప శక్యము కానిదని యర్థము. దుర్యోధనుఁడనఁగాఁ జెడ్డగా యుద్ధము చేయువాఁడు కాదు, పోరి గెలువ శక్యము కానివాఁడు. అచ్చట యుచ్ప్రత్యయమునకు వార్తికము కలదు. ఆవార్తికము చెప్పిన ధాతువులు శాస్, యుధ్, దృశ్, ధృష్, మృష్ అను నైదే, క్రమము లేదు. కాఁబట్టి దురాక్రమణమను రూపమును దుర్యోధనశబ్దమువలె సాధింపరాదు. దుష్టమైన ఆక్రమణమని ప్రాదిసమాసముగానే చెప్పవలెను, దురాచారమువలె. ఇట్లు చెప్పఁగా నొక సంగతి తేలును. ‘మొదట’ అను నర్థము తెలుఁగుపదములో నెన్నఁడును లేదు. 1933 నాఁటి లక్షణముతోఁ బోల్చిన నిది లోపమే. 2010 నాఁటి లక్షణముతోఁ బోల్చిన, లాటినుపదములో లేని దోషవాచకము దీనిలో నుపసర్గముగానే కూర్చుండియున్నది. వాడుకలోనికిఁ దెచ్చినవా రెవరోగాని శబ్దసంస్కారము గలవారు.

కొందఱు పత్రికాలేఖకులు దుర్ అను ముక్కను భారమనుకొని ‘ఆక్రమణ’ యని మాత్రమే వ్రాయుచున్నారు. ఇది మంచిది కాదు. ఆక్రమణము సేన నేలను గైకొని నిలుచుటకును, పురపాలకసంఘమువారి భాషలో వీథిలోనికి అరుగు జరుపుటకును జెల్లుచున్న మాట. 1974 తీర్మానమున సేన పరభూమిని గైకొనియుండుట అగ్రెషన్‌లో నొక విధము మాత్రమే. బాంబులు గురిపించుట, రేవులను బంధించుట, సాయుధమూఁకలఁ బంపుట తక్కిన విధములలోనివి. విధమునకును సామాన్యమునకును ఒకేపేరు పెట్టినచో ఆతీర్మానమును దెనిఁగించువాఁడు ‘ఆక్రమణము ఆక్రమణమగును’ అని వ్రాయవలసివచ్చును.

భారతరాజ్యాంగమునను ఈశబ్దము వ్యాపించినది. బాహ్య అగ్రెషన్ కారణముగా 352వ ప్రకరణము ననుసరించి 1962లోను, 1971లోను అత్యవసరస్థితి ప్రకటింపఁబడినది. 2005లో సుప్రీంకోర్టు అస్సాము వలసలఁ గూర్చిన వ్యవహారమున 355వ ప్రకరణమందలి అగ్రెషన్ యుద్ధముకంటె విశాలమైనదని చెప్పి, ఆయుధము పట్టని జనసమూహముల యక్రమప్రవేశమును గూడ దానియందుఁ జేర్చెను. అడుగుపెట్టుట యను ధాత్వర్థమునకు శబ్ద మిట్లు మరల దగ్గఱ యైనది గాని, సేనకుఁ జెప్పిన పేరు బ్రతుకుఁదెరువునకై వచ్చు కూలివానికిఁ జెల్లునా యను సంశయము తీఱినది కాదు.

వర్తకులును, ఆటగాండ్రును అగ్రెసివ్ అను విశేషణమును మెప్పుగా వాడుట వేఱుమార్గము. దానికి దురాక్రమణముతోఁ బనిలేదు. తెలుఁగున ధాటి యున్నది. దాడి దీనికి వికృతియే. వికృతి నిందలోఁ జిక్కఁగా, ప్రకృతి ‘ధాటిగా మాటాడెను’, ‘ధాటిగా ఆడెను’ అని మెప్పున నిలిచినది.

కర్తృవాచకమునందు మాత్రము చిక్కు మిగిలియున్నది. అగ్రెసర్‌కు వాడుకలో నున్నది దురాక్రమణదారు. సంస్కృతసమాసమునకుఁ బారసీకప్రత్యయము తగిలించుట వైయాకరణుల చెవికిఁ గటువైనను, హక్కుదారు, వాటాదారు మొదలగువానిని సహించినవారు దీనినిమాత్రము త్రోసివేయలేరు. అంతకంటె నర్థదోషము గమనింపఁదగినది. దారు అనఁగాఁ గలిగియుండువాఁడు. పరుని నేలను గైకొని కూర్చున్నవానికి ఆక్రమణదారు చక్కగాఁ దగును. ఆకాశమునుండి బాంబులు గురిపించి గోరంత నేలనైనఁ బట్టక మరలిపోవువానికిఁ దగదు. వానికి దురాక్రామకుఁడనుట మేలు.