సోల్డర్ పట్టకపోవడం

సర్క్యూట్ బోర్డు మీద చేత్తో సోల్డరింగ్ చేస్తున్నప్పుడు, కరిగిన సోల్డర్ ప్యాడ్ మీద పల్చగా పారకుండా గుండ్రటి బొట్టు కట్టి నిలబడితే దాన్ని సోల్డర్ పట్టకపోవడం అంటారు. ఇలా జరగ్గానే చాలామంది ఐరన్ వేడి పెంచుతారు. ఎక్కువ సందర్భాల్లో ఆ చికిత్సే రోగాన్ని ముదరబెడుతుంది. 63 శాతం తగరం, 37 శాతం సీసం ఉన్న సోల్డర్ 183 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. బిట్ మామూలుగా 320 నుంచి 350 డిగ్రీల మధ్య ఉంటుంది. అంత వేడిలోనూ సోల్డర్ కరిగి పారడం లేదంటే, లోపాన్ని ఐరన్ సెట్టింగులో కాక లోహపు ఉపరితలంలో వెతకాలి.

తగరం రాగితో కలిసి సన్నని మిశ్రమ పొరగా ఏర్పడితేనే అతుకు నిలుస్తుంది. మధ్యలో ఆక్సైడ్ పొర ఉంటే ఆ కలయిక జరగదు. దాన్ని తొలగించేది ఫ్లక్స్. సోల్డర్ తీగ లోపల ఉండే రోజిన్ ఫ్లక్స్ బిట్ వేడికి కొద్ది సెకన్లలోనే పొగై పోతుంది. అందుకే సోల్డర్‌ను ముందు బిట్ మీద కరిగించి, ఆ బొట్టును అతుకు దగ్గరికి మోసుకెళ్తే అక్కడ శుభ్రం చేయడానికి ఫ్లక్స్ మిగలదు. బిట్‌ను ప్యాడ్‌కూ కాంపొనెంట్ కాలికీ ఒకేసారి ఆనించి, తీగను ఆ రెండూ కలిసేచోట అందించాలి. వేడి పెంచితే ఫ్లక్స్ ఇంకా త్వరగా మాడుతుంది, రాగి ఇంకా త్వరగా ఆక్సైడ్ పడుతుంది, బిట్ నల్లబడుతుంది.

తప్పు ఎక్కడుందో అతుకే చూపిస్తుంది. సోల్డర్ కాలికి అంటుకుని, దాని చుట్టూ ప్యాడ్ మీద ఖాళీ వలయం మిగిలితే ప్యాడ్ మురికిగానైనా ఉంది, చల్లగానైనా ఉంది. ప్యాడ్ మీద పరుచుకుని కాలి దగ్గర అంచు లోపలికి మడిచినట్టుంటే కాలికి ఆక్సైడ్ పట్టింది. ఏళ్ల తరబడి డబ్బాలో పడి ఉన్న రెసిస్టర్లలో ఇది మామూలే. అసలు బిట్‌కే అంటకపోతే బిట్‌ను ఇత్తడి పీచుతోనో తడి స్పాంజితోనో తుడిచి వెంటనే సోల్డర్ పూయాలి. దాన్ని ఆకురాయితో రుద్దకూడదు. ఆ పని పాత రాగి బిట్లకు చెల్లింది కానీ, ఇప్పటి బిట్లలో రాగి మీద ఇనుప పూత ఉంటుంది. అది పోయిందంటే కరిగిన తగరం లోపలి రాగిని తినేస్తుంది.

సీసం లేని సోల్డర్‌కు ఎక్కువ వేడి కావాలి కదా అనవచ్చు. నిజమే. ఐరోపా సమాఖ్యలో 2006 జులై 1 నుంచి సీసంపై ఆంక్షలు వచ్చాక బాగా వాడుకలోకి వచ్చిన తగరం-వెండి-రాగి మిశ్రమం 217 నుంచి 220 డిగ్రీల మధ్య కరుగుతుంది. అంటే తేడా నలభై డిగ్రీల లోపే. 350 డిగ్రీల బిట్‌కు అది భారం కాదు. ఆ మిశ్రమం స్వభావరీత్యానే తక్కువ పారుతుంది, అతుకు బాగున్నా కాస్త మసకగానే కనిపిస్తుంది. కాబట్టి మెరుపును చూసి తీర్పు చెప్పకూడదు, అంచు పల్చబడి ప్యాడ్‌లో కలిసిందా లేదా అన్నది చూడాలి.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం గ్రౌండ్ ప్లేన్ గురించినది. వెడల్పాటి రాగి పరుపుకు నేరుగా కలిసిన ప్యాడ్ నుంచి వేడి క్షణాల్లో జారిపోతుంది, అక్కడ నిజంగానే వేడి చాలదు. అయితే చాలనిది వేడి సరఫరా. సన్నటి మొన బిట్ తాకగానే చల్లబడుతుంది, డయల్ మీది అంకె దాన్ని ఆదుకోలేదు. ఉలి ఆకారపు వెడల్పు బిట్ వేయాలి, బోర్డును కింది నుంచి ముందే వెచ్చబెట్టాలి. చేతిలో ఉన్నది కంట్రోల్ లేని 25 వాట్ల ఐరన్ అయితే, ఆ పనికి ఇంకా శక్తి ఉన్న ఐరన్ తెచ్చుకోవడమే దారి.

కనుక ముందు శుభ్రత, తర్వాత ఫ్లక్స్, ఆపైన బిట్ వెడల్పు చూసి, ఇవన్నీ సరిపోయాకే వేడి కొద్దికొద్దిగా పెంచాలి. ఫ్లక్స్ విడిగా వేయాల్సివస్తే ఎలక్ట్రానిక్స్‌కు తయారైన రోజిన్ ఫ్లక్సే వాడాలి. రేకుల పనికి వాడే జింక్ క్లోరైడ్ ఫ్లక్స్‌తో సోల్డర్ చక్కగా పారుతుంది గానీ, బోర్డు మీద మిగిలిన దాని అవశేషం తేమ తగిలి రాగి ట్రాకులను తినేస్తుంది.